మిసిసిపీ డెల్టాలో నాలుగు రోజులు: పాట కోసం పోతే పత్తి ఎదురొచ్చింది

మొదటి రోజు, గురువారం

డాలస్ నుంచి మెంఫిస్ 450 మైళ్ళు, తెల్లారకముందే బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల టైంకి మా బావ వాళ్ళింట్లో ఉన్నా. మేనత్త కొడుకు, వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద. మెంఫిస్‌లో మనవాళ్ళు చాలామంది లాగే వీడూ కొరియర్ కంపెనీ ఐటీలో పన్నెండేళ్ళుగా ఉన్నాడు, కానీ పక్కనే ఉన్న మిసిసిపీ స్టేట్‌లో ఇప్పటిదాకా చూసిందల్లా ట్యునికా కాసినోలు మాత్రమే, అదీ నలుగురు ఫ్రెండ్స్‌తో పోయి 200 డాలర్లు పోగొట్టుకొచ్చాడు. "బ్లూస్ ఏంట్రా, దానికోసం నాలుగు రోజులు సెలవా" అన్నాడు. ఆ మాట అంటూనే బ్యాగ్ సర్దుకున్నాడు.

బ్లూస్ అంటే అమెరికా నల్లవాళ్ళ పాట, నాకీ పిచ్చి కాలేజీలో పట్టుకుంది. హాస్టల్ సీనియర్ ఒకాయన క్యాసెట్ ఇచ్చాడు, అందులో గిటారు మోగుతుంటే మనిషి ఏడుస్తున్నట్టుండేది, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా అరిగేదాకా విన్నా. ఎప్పటికైనా ఇది పుట్టిన చోటు చూడాలని అనుకోవడం, పిల్లలు, ఈఎంఐలు, ఇరవై ఏళ్ళు అట్టా గడిచిపోయాయి.

సాయంత్రం బీల్ స్ట్రీట్ వెళ్ళాం. నియాన్ లైట్లు, ప్లాస్టిక్ గ్లాసుల్లో బీరు, టీషర్టుల షాపులు, మొత్తానికి తిరునాళ్ళ. అక్కడో పార్కులో ట్రంపెట్ పట్టుకుని విగ్రహం ఉంటుంది, డబ్ల్యూ.సి. హ్యాండీ. 1873లో అలబామాలో పుట్టాడు, సంగీతం చదువుకున్నవాడు, బ్యాండ్ మాస్టరు. 1912లో "మెంఫిస్ బ్లూస్", 1914లో "సెయింట్ లూయిస్ బ్లూస్" అని నొటేషన్ రాసి అచ్చు వేశాడు, అందుకే బ్లూస్‌కి తండ్రి అంటారు. నాకు ఈ తండ్రి గోల మీద కొంచెం అనుమానం, ఎందుకంటే హ్యాండీ తానే రాసుకున్నాడు, ఆ పాట మొదట విన్నది మిసిసిపీలో ఒక ఊరి రైల్వే స్టేషన్లో అని, పాడినవాడి పేరు తెలీదని. రాసుకున్నవాడు తండ్రి, పాడినవాడికి పేరే లేదు. ఆ స్టేషన్ సంగతి శనివారం చెప్తా.

బావకి ఒక్కటి మాత్రం నచ్చింది. 1949లో ఇక్కడ డబ్ల్యూడీఐఏ అనే రేడియో స్టేషన్ మొత్తం నల్లవాళ్ళ ప్రోగ్రాములకి మారింది, అమెరికాలో మొదటిసారి, అందులో డిస్క్ జాకీగా చేసిన కుర్రాణ్ణి "బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్" అనేవాళ్ళు, అది అరిగి అరిగి బీబీ అయింది. బీబీ కింగ్, బ్లూస్ గిటారులో పెద్ద పేరు. "ఓహో ఇంటిపేరనుకున్నా" అన్నాడు.

రెండో రోజు, శుక్రవారం

పొద్దున లొరెయిన్ మోటెల్ ముందు పది నిమిషాలు నిలబడ్డాం, 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చిన బాల్కనీ, 306 నంబర్ గది బయట పూలచక్రం వేలాడుతూ ఉంటుంది. లోపల మ్యూజియం పెద్దది, కానీ అది చూస్తే రోజంతా అక్కడే అయిపోతుందని వచ్చేశాం.

61 నంబర్ హైవే ఎక్కి మెంఫిస్ దాటాక కాసేపటికి నేల ఒక్కసారిగా చదునైపోతుంది, చాప పరిచినట్టు. డెల్టా అనగానే మనకి కృష్ణా డెల్టా, గోదావరి డెల్టా, అంటే నది సముద్రంలో కలిసే చోటు. ఇది అది కాదు. సముద్రం ఇంకా ఎంతో దూరం, ఇది మిసిసిపీకీ యాజూ నదికీ మధ్య వరదలు తెచ్చిపోసిన ఒండ్రు, మెంఫిస్ నుంచి విక్స్‌బర్గ్ దాకా 200 మైళ్ళు. ఇంకో సంగతి, ఇదంతా పాతకాలం నుంచీ సాగులో ఉన్న భూమి కాదు. 1865లో బానిసత్వం రద్దయ్యే నాటికి కూడా చాలా భాగం అడవి, చిత్తడి, పాములు, దోమలు. ఆ అడవి కొట్టింది, కట్టలు పోసింది విడుదలైన నల్లవాళ్ళే, ఎక్కడెక్కడి నుంచో కూలికొచ్చినవాళ్ళు, ఒక్కొక్కళ్ళు ఒక్కో చోటి పాట మూట కట్టుకొచ్చారు. చర్చి పాట ఒకడిది, గట్టు మీద కంచరగాడిదల్ని తోలే కేక ఇంకొకడిది. అవన్నీ ఇక్కడే కలిశాయి.

అక్టోబరు కదా, రెండు పక్కలా పత్తి. ఆకు రాల్చడానికి మందు కొట్టేసి ఉంటారు, కాబట్టి చేలో ఆకుపచ్చ అనేదే లేదు, ఎండు కర్ర మీద తెల్ల దూది, అంతే. రోడ్డు అంచున కొట్టుకొచ్చిన పింజ సాలుగా పేరుకునుంది. మిషన్లు తీసి చుట్టలు చుట్టి, పసుపు గులాబీ రంగు ప్లాస్టిక్ చుట్టి చేలో వదిలేస్తాయి, ఒక్కో చుట్ట మనిషంత ఎత్తు పైనే ఉంటుంది. కారు ఆపించి దిగా. మాది సత్తెనపల్లి దగ్గర, పత్తి ఊరు. ఒక కాయ పట్టుకుంటే ఎండిన డొప్ప మొన గోరు పక్కన గుచ్చుకుంది, చుక్క రక్తం. ఇరవై ఏళ్ళ తర్వాత అదే చోట గుచ్చుకోవడం భలే అనిపించింది.

క్లార్క్స్‌డేల్ చేరి అందరూ చేసే పనే చేశాం, 61, 49 హైవేలు కలిసే చోట నీలం గిటార్ల బోర్డు కింద ఫొటో. అర్ధరాత్రి ఈ నాలుగు రోడ్ల కూడలిలో రాబర్ట్ జాన్సన్ అనే బ్లూస్ పాటగాడు దెయ్యానికి ఆత్మ అమ్ముకుని గిటారు నేర్చుకున్నాడని కథ. అసలా కథ ముందు టామీ జాన్సన్ అనే వేరే పాటగాడి గురించి చెప్పుకునేవాళ్ళు, తర్వాత రాబర్ట్‌కి అంటుకుంది. మన ఊళ్ళో ఎవడైనా డప్పు బాగా కొడితే "వాడికి అమ్మోరు పూనిద్దిరా" అంటాం చూడండి, అట్టాంటిదే, కూలోడు సాధన చేసి నేర్చుకున్నాడంటే ఒప్పుకోవడం కష్టం. రాబర్ట్ కొన్నాళ్ళు కనబడకుండా పోయి తిరిగొచ్చాక అదరగొట్టాడు నిజమే, ఆ టైంలో ఐక్ జిమ్మర్‌మన్ అనే గురువు దగ్గర కూర్చున్నాడు. దెయ్యానికి బోర్డు ఉంది, గురువుకి ఈ కూడలిలో ఏం లేదు.

డెల్టా బ్లూస్ మ్యూజియం పాత గూడ్స్ డిపోలో ఉంది, 1918 నాటి బిల్డింగు. నేను ఎక్కువసేపు ఉన్నది ఒకే చోట, మడ్డీ వాటర్స్ అనే బ్లూస్ పాటగాడి గుడిసె దగ్గర. ఊరి బయట స్టోవాల్ ప్లాంటేషన్‌లో ఆయన ఉన్న చెక్క ఇల్లు, మిగిలినంతవరకు ఊడదీసి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. మా ఇంట్లో గొడ్ల చావిడి అంతకంటే పెద్దది. 1941లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున జానపద పాటలు సేకరించే ఆలన్ లోమాక్స్, ఫిస్క్ యూనివర్సిటీ నుంచి జాన్ వర్క్, రికార్డింగ్ మిషను కారులో వేసుకుని ఈ ఇంటికొచ్చారు. అప్పటికి ఆయన ట్రాక్టర్ నడుపుకునే మెకిన్లీ మార్గన్‌ఫీల్డ్, అసలు పేరు అదే. రికార్డు తిప్పి వినిపిస్తే తన గొంతు తనే మొదటిసారి విన్నాడు, నేనూ పాటగాణ్ణే అని అప్పుడు నమ్మకం వచ్చిందంట. రెండేళ్ళకి, 1943లో షికాగో రైలెక్కేశాడు. అక్కడ గోలకి మామూలు గిటారు వినబడక కరెంటు గిటారు పట్టాడు, ఆ మోతతోనే తర్వాత రాక్ సంగీతానికి ఒక దారి పడింది.

ఇంకో గోడ మీద తీగ గురించి ఉంది, అది బావకి బాగా ఎక్కింది. గిటారు కొనలేని పిల్లలు చీపురు కట్టకి చుట్టే తీగ విప్పి, ఇంటి గోడకి రెండు మేకులు కొట్టి బిగించి, తీగ కింద సీసా దూర్చి, ఒక చేత్తో మీటుతూ ఇంకో చేత్తో సీసా ముక్కతో జరుపుతూ వాయించేవాళ్ళు. డిడ్లీ బో అంటారు. ఇంటికి ఇల్లే వాయిద్యం. పశ్చిమాఫ్రికాలో ఒంటితీగ వాయిద్యాలు ఇప్పటికీ ఉన్నాయి, బ్యాంజో కూడా అక్కడి సొరకాయ బుర్ర వాయిద్యాల సంతానమే. మనుషుల్ని ఓడల్లో తెచ్చారు, వాయిద్యాలు తేనివ్వలేదు. 1739లో సౌత్ కరొలైనాలో బానిసలు తిరగబడ్డప్పుడు డప్పులు మోగించారని మరుసటేడే చట్టం తెచ్చి డప్పు కూడా నిషేధించారు. చేతిలో వాయిద్యం లాక్కోవచ్చు, చెవిలో శ్రుతిని ఎట్టా లాక్కుంటారు, పియానో మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉండే ఆ జారుడు స్వరం, ఇప్పుడు బ్లూ నోట్ అంటారు, అది గొంతులో వచ్చేసింది.

రాత్రి ఒక జ్యూక్ జాయింట్‌కి పోయాం, అంటే తాగుతూ పాట వినే పల్లెటూరి కొట్టు. రేకుల కప్పు, ఎర్ర బల్బు, పదిహేనుమంది ఉన్నారు, అందులో సగం మాలాంటి ఊరుగానివాళ్ళు, ఇద్దరు స్వీడన్ నుంచి. పాడింది డెబ్భై దాటిన పెద్దాయన. ఒక లైను పాడాడు, అదే లైను మళ్ళీ పాడాడు, మూడో లైనుకి అందరూ నవ్వారు. బ్లూస్ పద్యం కట్టుబడి అదే, చెప్పిందే రెండుసార్లు చెప్పి మూడోదాంట్లో తేల్చడం, మొత్తం పన్నెండు బార్లు, అంటే తాళం పన్నెండు చుట్లు. ప్రతి లైను చివర గిటారు బదులు చెప్తుంది, మన హరికథలో వంత ఉన్నట్టు. రెండోసారి పాడేటప్పుడు మూడోది ఏమనాలో ఆలోచించుకోవచ్చు, అప్పటికప్పుడు కట్టేవాళ్ళకి అంతకంటే సుఖం ఏముంది.

మోటెల్‌కి తిరిగొస్తూ బావ స్టీరింగ్ మీద దరువేస్తూ మొదలుపెట్టాడు:

పొద్దస్తమానం పత్తి తీశా, సంచి నిండా కూరినా
అవునయ్యా, పొద్దస్తమానం పత్తి తీశా, సంచి నిండా కూరినా
కాటా మీద పెట్టేసరికి దొరా, నా సంచికి చిల్లెట్టా పడింది?

నవ్వుకున్నాం. కానీ ఆ మూడో లైను నాకు ఎక్కడో తగిలింది, అప్పుడేం అనలేదు.

మూడో రోజు, శనివారం

మోటెల్ గుజరాతీ వాళ్ళది, డెల్టాలో చిన్న చిన్న మోటెళ్ళు చాలావరకు వాళ్ళవే. గదిలో ఏసీ రాత్రంతా ట్రాక్టర్ లాగా మోగింది, పొద్దున కౌంటర్ దగ్గర ఆంటీకి ఆ మాటే చెప్తే సారీ చెప్పకుండా అల్లం టీ పోసిచ్చింది, నా కోపం అక్కడితో సరి.

49 మీద దక్షిణంగా పదిహేను మైళ్ళు పోతే టట్‌వైలర్. హ్యాండీ చెప్పిన స్టేషన్ ఇదే. 1903 ప్రాంతంలో రాత్రి రైలు ఆలస్యమై ఇక్కడ కునికిపాట్లు పడుతుంటే, పక్కన చిరుగుల బట్టల్లో ఒక నల్లమనిషి గిటారు తీగల మీద కత్తి ఆనించి జారుస్తూ, రెండు రైలు మార్గాలు అడ్డంగా కలిసే ఊరికి పోతున్నానని ఒకే ముక్క మూడుసార్లు పాడాడంట. అంత వింత సంగీతం ఎప్పుడూ వినలేదని హ్యాండీ రాశాడు. ఇప్పుడు స్టేషన్ లేదు. గోడ మీద బొమ్మ, ఒక బోర్డు. ఒక కుక్క మా వెంట కారు దాకా వచ్చింది. ఊళ్ళో సగం షాపులు మూసేసి ఉన్నాయి, ఆ ఖాళీ చూశాక ఫొటో తీయబుద్ధి కాలేదు.

అక్కణ్ణుంచి పార్చ్‌మన్. 1901లో మొదలైన స్టేట్ జైలు, అసలు జైలు లాగా ఉండదు, పొలం లాగా ఉంటుంది, అదే దాని మర్మం. ఖైదీలతో పత్తి పండించి స్టేటు డబ్బు చేసుకునేది. బ్లూస్ పాటగాళ్ళు సన్ హౌస్, బుక్కా వైట్ ఇద్దరూ ఇక్కడ శిక్ష పడ్డవాళ్ళే. లోమాక్స్ ఇక్కడ రికార్డు చేసిన పని పాటలు నా దగ్గర ఉన్నాయి, గొడ్డళ్ళు ఒకేసారి పడే చప్పుడే తాళం. ఒకడు ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. తాళం తప్పితే పక్కవాడి కాలు తెగుద్ది కాబట్టి పాట అక్కడ సరదా కాదు, పనిముట్టు. ఇంకోటి, పాట నడిపేవాడు స్పీడు తగ్గిస్తే అందరి పనీ తగ్గుద్ది, ముసలోడు వెనకబడ్డా కాపలావాడికి తెలీదు. బావ "ఇక్కడ ఆపను" అన్నాడు, నేను కూడా ఆపమనలేదు.

రూల్‌విల్ దాటి 8వ నంబర్ రోడ్డు మీద పడమరకి పోతే డాకరీ ఫార్మ్స్. బ్లూస్ పుట్టిల్లు ఏదంటే ఎక్కువమంది వేలు చూపించేది దీనివైపే. 1895లో విల్ డాకరీ అనే ఆయన అడవి కొని మొదలుపెట్టాడు, పెరిగి పెరిగి రెండు వేల మంది దాకా ఉండే ఊరయింది, సొంత స్టోరు, సొంత నాణేలు, రైలు మార్గం కూడా. చార్లీ పాటన్ అనే పాటగాడి కుటుంబం ఇక్కడికే కూలికొచ్చింది, హెన్రీ స్లోన్ అనే ఆయన్ని చూసి పాటన్ నేర్చుకున్నాడు, పాటన్‌ని చూసి హౌలిన్ ఉల్ఫ్. మిగతా దొరలకంటే డాకరీ నయమని పేరు, ఆయనకి ఈ పాటల మీద ఇష్టమేం లేదు. శనివారం కూలీ డబ్బులు చేతిలో పడ్డప్పుడు స్టోరు ముందు జనం ఉంటారు కాబట్టి పాటగాళ్ళు అక్కడ చేరేవాళ్ళు. కథంతా అంతే, జనం, చేతిలో నాలుగు డబ్బులు, శనివారం. మేం పోయింది కూడా శనివారమే, మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. స్టోరు ఇప్పుడు లేదు. పేరు రాసిన పెద్ద చెక్క షెడ్డు ఉంది, దాని నీడలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం.

అక్కడ కూర్చున్నప్పుడు రాత్రి లైను మళ్ళీ గుర్తొచ్చింది. బానిసత్వం పోయాక ఇక్కడ నడిచింది పాలు వ్యవసాయం, అంటే పంటలో వాటాకి సాగు చెయ్యడం. భూమి దొరది, విత్తనం దొర స్టోరులో అప్పు, పిండి, బూట్లు, కిరసనాయిలు అన్నీ అప్పే, వడ్డీతో సహా పుస్తకంలో రాసుకుంటారు. పంటలో సగం రైతుది అంటారు, డిసెంబరులో లెక్క తేలుస్తారు, పుస్తకం దొర దగ్గర, చాలామందికి చదువు రాదు, వచ్చినా ఎదురడిగితే ఏమవుతుందో తెలుసు. ఏడాదంతా చేసి చివరికి "ఇంకా నువ్వే ఇంత బాకీ" అని వినేవాళ్ళు. ఈ పాటల్లో అన్నిట్లో ఎవడో ఒకడు పెట్టె సర్దుకుని రైలెక్కేస్తుంటాడు చూడండి, నేను చిన్నప్పుడు ప్రేమ గొడవనుకున్నా. ఆడమనిషి వదిలేసిందని పాడొచ్చు, దొర మోసం చేశాడని గట్టిగా పాడలేరు కదా.

నాకు పదేళ్ళప్పుడు మా చేలో పత్తి తీతలకి పదిహేను ఇరవైమంది ఆడకూలీలు వచ్చేవాళ్ళు, పాత చీర ఒడి కట్టుకుని. కేజీకి ఇంత అని లెక్క. సాయంత్రం గట్టు మీద ముక్కాలి కర్రకి కాటా వేలాడదీసి నాన్నమ్మ తూకం వేసేది. పుస్తకంలో రాసేది నేను. మంచుకి తడిసిందని ఒక్కో మూటకి కేజీ తరుగు. ఎండాకాలం దగ్గరపడి మంచు లేని రోజుల్లో కూడా తరుగు. కాటా మీద పద్నాలుగు చూపిస్తే "పదమూడు రాయరా" అనేది, నేను పదమూడు గుండ్రంగా రాసేవాణ్ణి, నా దస్తూరీ బాగుంటుందని మెచ్చుకునేవాళ్ళు.

బావకి చెప్తే "అందరూ తీసేవాళ్ళు కదరా తరుగు" అన్నాడు. అవును, అందరూ తీసేవాళ్ళు.

సాయంత్రానికి ఇండియనోలా. బీబీ కింగ్ మ్యూజియం 2008లో తెరిచారు, ఆయన కుర్రతనంలో పనిచేసిన పత్తి జిన్ను మిల్లు దాంట్లో భాగం, 2015లో పోయాక ఆవరణలోనే సమాధి చేశారు. బాగా కట్టారు, ఒక్కటే చెప్తా. బయట బెంచీ మీద కూర్చున్న లోకల్ పెద్దావిడ మమ్మల్ని పలకరించి, చిన్నప్పుడు తనూ పత్తి తీశానని, తొమ్మిదడుగుల సంచి భుజానికి తగిలించుకుని సాలు వెంట ఈడ్చుకుపోయేవాళ్ళమని, రోజుకి 200 పౌన్లు తీస్తే మంచి చెయ్యి అనేవాళ్ళని చెప్పింది. అంటే 90 కేజీలు. మా కూలీల్లో 40 కేజీలు తీసినావిడ గొప్ప. నేను నమ్మలేదని మొహంలో కనబడినట్టుంది, చేతులు రెండూ చాపి చూపించింది. వేళ్ళ చివర్లు నున్నగా, గట్టిగా, గోళ్ళు పక్కకి తిరిగి. "మరి తూకం సరిగ్గా వేసేవాళ్ళా" అని అడిగా. ఆవిడ పకపకా నవ్వింది, జవాబు చెప్పలేదు.

నాలుగో రోజు, ఆదివారం

గ్రీన్‌వుడ్ బయట మనీ రోడ్డు మీద లిటిల్ జయన్ చర్చి. రాబర్ట్ జాన్సన్‌కి మూడు చోట్ల సమాధి రాళ్ళున్నాయి, ఇదే నిజమైందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. 1938 ఆగస్టు 16న పోయాడు, 27 ఏళ్ళు, రికార్డు చేసిన పాటలు 29, అదీ మా టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో, డాలస్‌లో. డాలస్‌లో ఇన్నేళ్ళున్నా ఆ బిల్డింగు నేను చూడలేదు, ఇక్కడిదాకా వచ్చా. పెకన్ చెట్టు కింద రాయి, దాని మీద చిల్లర, గిటారు మీటే ప్లాస్టిక్ ముక్కలు, సగం తాగిన విస్కీ సీసా. చర్చిలోంచి ఆర్గన్ వినబడుతోంది, ఆదివారం కదా. శుక్రవారం రాత్రి జ్యూక్ జాయింట్‌లో విన్న జారుడే ఇక్కడ దేవుడి పాటలో ఉంది. చర్చివాళ్ళు బ్లూస్‌ని దెయ్యం పాట అనేవాళ్ళు, రాత్రి అక్కడ వాయించినవాడే పొద్దున ఇక్కడ కూర్చునేవాడు.

అదే రోడ్డు మీద ఇంకొంచెం పోతే మనీ అనే ఊరు, 1955లో పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్ షాపులో తెల్లావిడతో ఏదో అన్నాడని చంపేశారే, ఆ షాపు. గోడలు కూలి తీగలు పాకి ఉంది. చంపినవాళ్ళని కోర్టు వదిలేసింది. కారు దిగాం, ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం నుంచి తిరుగు ప్రయాణం. క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ ప్లాంటేషన్ పక్క నుంచే వచ్చాం, 1944లో పత్తి తీసే మిషన్లతో మొత్తం చేను తీసి చూపించిన చోటు, ఒక్కో మిషను యాభైమంది పని చేసేదంట. ఆ తర్వాత ఇక్కడ మనుషుల అవసరం లేకపోయింది, షికాగో రైళ్ళు నిండాయి. ఇప్పుడు అక్కడ కూలీల గుడిసెలకి ఏసీలు పెట్టి టూరిస్టులకి అద్దెకిస్తున్నారు. బావ ఫోన్‌లో రేటు చూసి "మన మోటెల్ కంటే ఎక్కువరా" అన్నాడు.

ట్యునికా దాటేసరికి రాత్రి ఎనిమిదిన్నర, అంటే ఇండియాలో మా ఇంటి దగ్గర పొద్దున ఏడు. అమ్మకి ఫోన్ చేశా, స్పీకర్లో పెట్టా.

"ఏరా, తిన్నావా?"

"తిన్నానమ్మా. మన చేలో పత్తి తీసేటప్పుడు ఆడోళ్ళు పాటలు పాడేవాళ్ళా? నాకు గుర్తులేదు."

"పాడకేం, పొద్దున మొదలుపెడితే ఆపేవాళ్ళు కాదు. మన పెద్ద సాలు అవతల పాడితే నాకు ఇంట్లోకి వినపడేది."

"మరి నేను రోజూ సాయంత్రం గట్టు మీదే ఉండేవాణ్ణి కదా, ఒక్కటీ వినలేదే?"

"మీ నాన్నమ్మ కాటా తీసుకుని వచ్చేది కదరా, ఆవిణ్ణి చూడంగానే ఆపేసేవాళ్ళు" అంది, అని, "ఏం పాడేవాళ్ళో నాకూ చెప్పేవాళ్ళు కాదులే. అక్కడ పత్తి క్వింటా ఎంత పలుకుతోంది?"